చెంగమ్మ వయసు

కూలికి పోయే అక్కల్లారా, కాలేజీలో చదివే తమ్ముళ్లారా, చిత్తూరు బయట మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో మమ్మల్ని పనిలోకి ఎలా తీసుకుంటారో చెబుతాను, వినండి. పళ్లకు తొక్కతీసే ఆడవాళ్లం మేము. సీజను మొదటిరోజు గేటు దగ్గర వరసలో నిలబెట్టి, తలమీది కొంగులు తీయమంటాడు మేస్త్రీ కృష్ణమూర్తి. యాభై దాటినవాళ్లు వద్దని యజమాని హుకుం. పుట్టిన తేదీ మాలో ఎవరికి తెలుసు? అందుకని వెంట్రుకలు చూస్తాడు. నల్లగా ఉంటే లోపలికి, తెల్లగా ఉంటే ఇంటికి. ఎవరైనా మసి పూసుకొస్తే వేలితో రుద్ది చూస్తాడు. పోయినేడు, పంతొమ్మిదివందల ఎనభైలో, దేవకమ్మను అలాగే చెయ్యిపట్టి పక్కకు లాగేశాడు. ఫ్యాక్టరీ పెట్టినప్పటినుంచీ మామిడిసొనకు వేళ్లు పుండ్లైన మనిషి ఆమె. మేం నోరు తెరిచేలోపే గేటు మూసేశారు.

ఈ ఏడు చెంగమ్మ వంతు. పోయినేడు ముందుతల ఇంకా నల్లగా ఉండి బతికిపోయింది. ఈసారి మొత్తం నెరిసింది. వెనకా ముందూ ఎవరూ లేరు. చేతులాడినంతకాలం ఒకరి గంజికి ఎదురుచూడనని ఆమె పట్టుదల. సీజనుకు ముందు ఆమె గుడిసె దగ్గరే మీటింగు పెట్టుకున్నాం. అర్జీ ఇద్దామని కొందరు, అర్జీ పొయ్యిలోకి పోతుందని కొందరు వాదించుకున్నారు. పెళ్లయి ఏడాదైనా కాని మునిలక్ష్మి లేచి నిలబడింది.

“అందరం కొండకు పోయి గుండు కొట్టించుకుందాం. తెల్లదేదో నల్లదేదో వాడెట్ట కనుక్కుంటాడో సూద్దాం” అనింది.

ముందు పగలబడి నవ్వాం. తర్వాత ఆలోచనలో పడ్డాం. ఇళ్లలో మొగుళ్లూ అత్తలూ ఎగిరిపడ్డారు. మొక్కు అన్నాం. మొక్కంటే కాదనేదెవరు?

అలిపిరిలో మెట్లెక్కబోతూ చెంగమ్మ ఆగిపోయింది. అడుక్కునేవాళ్ల వరసలో దేవకమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కొంగు ముఖం మీదికి లాక్కుంది. చెంగమ్మ ఎదురుగా కూలబడి ఆమె వేళ్లు పట్టుకుంది. మా గుండె చెరువైంది. కొండమీద గుండు చేయించుకున్నంతసేపూ చెంగమ్మ ఏడుస్తూనే ఉంది. మొక్కు తీరిన సంతోషమనుకున్నాడు మంగలి.

గేటు దగ్గర ఇన్ని గుండ్లు చూసి కృష్ణమూర్తి బిత్తరపోయాడు. భక్తుడు కదా, చెప్పులు విడిచి దండం కూడా పెట్టాడు. అందరం లోపలికి పోయాం. గెలిచామనుకున్నాం. జుట్టు మళ్లీ మొలుస్తుందన్న సంగతి ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు, మా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొలిచింది. మాకు నల్లగా, పెద్దవాళ్లకు తెల్లగా. వాడు ఎవరిని పొమ్మన్నా అందరం కత్తులు కింద పెట్టాలని తీర్మానించుకున్నాం. చెంగమ్మ తలూపింది గాని నమ్మలేదు. అలిపిరిలో చూసింది ఆమెను నమ్మనివ్వలేదు. దీపంమసి ఆముదంలో కలిపి తలకు పూసుకుని వచ్చింది.

గుజ్జు ఉడికే ఆవిరిలో చెమట ఆగుతుందా? నల్లటి చారలు నుదుటిమీదుగా, చెంపలమీదుగా కారి చేతిలోని పండుమీద పడ్డాయి. కృష్ణమూర్తి ఆమె కొంగు లాగి, దాంతోనే తల తుడుచుకోమన్నాడు, అందరి ముందూ. ఆమె తుడుచుకుంది. చంటిపిల్లలా, చెప్పిన చోటల్లా తుడుచుకుంది.

“పోతాలే నాయనా. ఈ పిలకాయల్ని ఏమీ అనొద్దు” అనింది.

మునిలక్ష్మి కత్తి కింద పెట్టింది. నేను పెట్టాను. షెడ్డంతా పెట్టింది. అందరం పోయి గేటు ముందు కూర్చున్నాం. లారీల్లో పళ్లు మగ్గి కారిపోతుంటే యజమాని దిగివచ్చాడు. మిగతా ముసలివాళ్లందరినీ ఉంచుకుంటాడట, పండు పాడుచేసిన చెంగమ్మను తప్ప. ఒప్పుకోమని చెంగమ్మే మమ్మల్ని బతిమాలింది. ఇళ్లలో పిల్లల ఆకలి గుర్తుచేసింది. కొందరు ఊగిసలాడారు, అబద్ధమెందుకు. అప్పుడు నాగరత్నమ్మ, ఆమెదీ నెరిసిన తలే, నోరు విప్పింది.

“ఈమెను ఈడ వదిలి నేను లోపలికి పోతే, రేపు నన్ను వదిలి మీరు పోతారు.”

ఎవరూ లేవలేదు.

పోలీసు వ్యాను వచ్చింది. హెడ్డు కానిస్టేబులు పేరూ వయసూ అడిగి రాసుకుంటున్నాడు. చెంగమ్మ వంతు వచ్చింది. ఎవరెప్పుడు అడిగినా భయపడి నలభై ఐదనే చెబుతూ వచ్చిన మనిషి. తలమీది కొంగు తనే తీసేసింది.

“అరవై దాటినాయి నాయనా. నాకు పని కావల్ల. రాసుకో.”

మేమంతా ఏడుస్తూనే ఆమె వెనక వ్యాను ఎక్కాం.