నా మీది మూడు నీలి చుక్కలు

నేను ఒక సన్నని గాజుపలకను. వేలెడు పొడవు, గోరంత మందం. ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టెలో కాకినాడలోని ఒక ల్యాబుకు చేరాను. అక్కడ మైనంలో పొదిగిన మాంసపు ముక్క నుంచి ఉల్లిపొరకన్నా పల్చటి చెక్కు తీసి, నా మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు అద్దారు. ఆ రోజు నుంచి ఇంకొకరి బతుకు మోస్తున్నాను. అలిసిపోయాను, దాపరికమెందుకు?

ఆ ముక్క వీరవేణిది. రొయ్యల కంపెనీలో పొట్టు వలిచే ముప్పై ఒక్కేళ్ళ మనిషి. రెండుసార్లు కడుపు పోయినా బిడ్డ మీద ఆశ చావలేదు. ఇప్పుడు గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథుల్లో క్యాన్సర్ కనిపించింది. అది పైపొరలోనే ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోతుంది, గర్భసంచి మిగులుతుంది. లోపలికి చొచ్చుకుపోయి ఉంటే సంచి తీసెయ్యాలి. ఏ సంగతో తేల్చవలసింది నన్ను మైక్రోస్కోపులో చూసే డాక్టర్లు.

మొదట చూసింది సోమయాజులుగారు, ల్యాబులో పెద్దాయన. ఈ డాక్టర్లకొక అలవాటుంది. జబ్బు కనిపించిన చోట గాజు మీద సిరాచుక్క పెడతారు, తర్వాత చూసేవారికి వెతుకులాట తప్పాలని. ఆయన మూడు నీలి చుక్కలు పెట్టి, 'పైపొరలోనే ఉన్నట్టుంది' అని ఒక్క వాక్యం రాశారు. ఆ 'ఉన్నట్టుంది' మోయడం నాకు చాలా కష్టమైంది.

రెండో అభిప్రాయం కోసం నన్ను దూదిలో చుట్టి వీరవేణి చేతికే ఇచ్చారు. రాజమండ్రి దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు ఫోన్‌లో మాట్లాడుతూనే చుక్క నుంచి చుక్కకి గెంతి, 'ఏకీభవిస్తున్నాను' అని సంతకం పెట్టేశారు. నా ఎడమ అంచుకి ఎవరూ రాలేదు. అరవాలనిపించింది, గాజుకి నోరెక్కడిది? తిరుగు బస్సులో పక్కావిడతో వీరవేణి, "సంచి ఉంచేస్తారంటండీ" అని నాలుగుసార్లు చెప్పింది.

ఆపరేషన్ చేసే ఆసుపత్రిలో మళ్ళీ చూడాలన్నారు. అక్కడి డాక్టర్ తబస్సుమ్ ముందు స్పిరిట్ దూదితో నా చుక్కలు తుడిచేశారు. పాత రిపోర్టులు బోర్లా పెట్టారు. ఆవిడ దగ్గర ఒక ఫారం ఉంది: ఏ రకం, ఎంత లోతు, ఎలా పాకింది, రక్తనాళాల్లో ఉందా, అంచుల్లో ఉందా. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. అంచు నుంచి అంచుకి పొలం దున్నినట్టు చూసుకుంటూ వచ్చి, ఎడమ చివర ఆగిపోయారు. అక్కడ గ్రంథులు కట్టుతప్పి లోతుకి దిగాయి. రక్తనాళంలోనూ క్యాన్సర్ కణాలున్నాయి.

"అయ్యో తల్లీ" అని పైకే అనుకుని, ఉన్నదున్నట్టు రాశారు.

"ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట చెప్పారు గదండీ!" అంది వీరవేణి.

"ఇద్దరూ ఒకే చోట చూశారమ్మా."

గర్భసంచి తీసేశారు. వీరవేణి బతికింది. ఇప్పుడు నన్ను చూసిన మూడు ల్యాబుల్లోనూ అదే ఫారం నింపుతున్నారు, సోమయాజులుగారు గొణుక్కుంటూనైనా. ఇంత చిన్న బుద్ధి రావడానికి మనుషులు ఒక ఆడమనిషికి లేనిపోని ఆశ పెట్టవలసి వచ్చిందని నాకు కోపం.

ఆర్నెల్లకి చెకప్‌కి వచ్చినప్పుడు వీరవేణి నన్ను చూపించమని అడిగింది. తబస్సుమ్‌గారు మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఆమె కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"ఎంత బాగుందండీ, చీర మీద పూలల్లే" అంది.

డాక్టరుగారు నన్ను తియ్యబోయారు.

"ఇంకాసేపు చూడనివ్వండమ్మా. నా కడుపులోంచి వచ్చినదాన్ని కళ్ళారా చూసుకోవడం ఇదే మొదలు."