పెట్టె మీద మంద

బైరెడ్డిపల్లె పక్కన మా రెండెకరాల చేని మూలలో నీలిమ అనే మదనపల్లె సర్వే పిల్ల చెంబంత పెట్టె పాతింది. నెల తర్వాత తీసుకుపోతానంది. కుప్పం రైళ్లు, పుంగనూరు రోడ్డు లారీలు, గాలి, ఎక్కడిదో సముద్రం, ఇవన్నీ నేలను సన్నగా అదిరిస్తూనే ఉంటాయట. ఆ అదురును బట్టి లోపల మామూలు బండ ఉందో, బంగారమున్న రాయి ఉందో అంచనా కడతారట. మా ఆయన గంగులప్ప నోరు తెరుచుకుని విన్నాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. కింద బంగారముంటే పైన వేరుశనగ వేయనిస్తారా? మా అత్తా నేనూ రాళ్లు ఏరి చేసుకున్న చేను ఇది. ఇది పోతే నేను బతకలేను.

వినే పెట్టే గదా, దాని చెవులు గింగురుమనేలా చేస్తే సరి అనుకున్నాను. ఎరువు కోసం ఏటా కురబలకోట మునిరాజప్ప మా చేలో గొర్రెల మంద కడతాడు. రోజుకో చోటికి మారుస్తూ చేనంతా తిప్పుతాడు. ఈసారి పెట్టె మీదే కట్టమన్నాను, కదపొద్దన్నాను. ఒకేచోట ఎరువెక్కువైతే పైరు మాడిపోతుందని అతను మొత్తుకున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఆయన ఎగతాళి చేశాడు. నేను వింటేనా! మంద ఊరు దాటేదాకా అక్కడే ఉంచాను.

నెల కాగానే నీలిమ వచ్చి పెంటలోంచి పెట్టెను తవ్వి తీసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. నాకే కడుపులో దాచుకోవడం చేతకాక, చెడిపోవాలనే చేశానని చెప్పేశాను.

ఆ పిల్ల పెట్టెను తుడుస్తూ మెల్లగా అంది. "ఇదొక్కటి చెడినా ఏం కాదు తిమ్మక్కా. అటుపక్క చేలో ఒకటి, ఇటుపక్క చేలో ఒకటి ఉండాయి. ఆ రెండిట్లో అదురు పోల్చి సూస్తే, నడుమ మీ నేల ఎట్లుండాదో తెలిసిపోతాది."

కొరివితో తల గోక్కున్నాను. మూల మాడుతుంది, మిగతా చేనుకు ఎరువు లేదు, కింద ఏముందో వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. మా ఆయన ఈసారి ఎగతాళి చేయలేదు.

ఫలితం తేలడానికి నెలలు పడతాయని, తేలాక తనే వచ్చి చెబుతానని నీలిమ నా చెయ్యి పట్టుకుంది.

"రామ్మా. బంగారం లేదంటే నవ్వుతా రా, కడుపునిండా సంగటి పెడతా," అన్నాను. "ఉండాదంటే మాత్రం నవ్వుతా రావద్దు."

నీలిమ తలూపి, పెట్టెను జీపులో పెట్టుకుంది.