మూడోసారి అడిగిన ప్రశ్న

మా ఆడపడుచు పిల్లల మీద పరిశోధన చేస్తోంది. పెద్దవాళ్ల కోపం గురించి పిల్లలు ఏం చెబుతారన్నది ఆమె అంశం. పార్కుకని చెప్పి మా ఏడేళ్ల పాపను తన కాలేజీ గదికి తీసుకెళ్లిందని నాకు మర్నాడు తెలిసింది. మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని అక్కడ పాపను ప్రశ్నలడిగి చేసిన రికార్డింగే ల్యాప్‌టాప్‌లో వింటోంది. నేను పక్కన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను.

"అమ్మ నిన్ను కొడుతుందా?"

"లేదు."

కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న.

"లేదత్తా. ఇంటికెళ్దామా?"

"ఇంకొక్కటే. అమ్మ కొడుతుందా?"

పాప ఆగింది. "ఊఁ."

"వెరీ గుడ్. పద, వెళ్దాం."

ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేశాను. "అది చెరిపెయ్."

"అనుమతి కాగితం మీద అన్నయ్య సంతకం పెట్టాడు వదినా."

"కొరియర్ వాడు కాగితం చాపినా పెడతాడు మీ అన్నయ్య. ఒకే ప్రశ్న మూడుసార్లేమిటి?"

"జవాబు నిలకడగా ఉందో లేదో చూడ్డానికి. నీకు అర్థం కాదులే."

పాపను పిలిచాను. "మూడోసారి ఊఁ అన్నావెందుకే?"

"మా టీచర్ మళ్లీ అడిగితే తప్పు చెప్పినట్టే కదా. మార్చి చెప్పాను, అత్త వదిలేసింది."

"విన్నావా?" అన్నాను.

"విన్నాలే. నువ్వు నడుం మీద చెయ్యేసుకుని అడుగుతుంటే ఇంకేం చెబుతుంది? నాకు కావలసింది మూడోసారికి చెప్పింది, నీకు కావలసింది నాలుగోసారికి. అంతే తేడా."

ఆ మాట నిజం. అందుకే ఒళ్లు మండింది.

"సరే, దాన్నే అడుగుదాం." పాపవైపు తిరిగాను. " నీ మాటలు అత్త దగ్గర ఉండనివ్వనా, చెరిపెయ్యమననా?"

"దాన్నడిగేదేమిటి? దానికేం తెలుసు!" అంది పిల్లల మీద పరిశోధన చేస్తున్న మనిషి.

పాప ఇద్దరి మొహాలూ చూసింది. "ఏది చెబితే అరవరు?"

ఆడపడుచు కళ్లు మెరిశాయి. వేళ్లు టకటకా కదిలాయి. ఆ మాట కూడా రాసుకుంటోంది! ల్యాప్‌టాప్ మూత దించాను. వేళ్లు నలిగి కెవ్వుమంది. నేను చెయ్యి తియ్యలేదు.

"రాక్షసీ! చెరిపేస్తాను, వదులు."

నా కళ్లముందే చెరిపింది. వాకిలి తలుపు ధడేలున వేసి వెళ్లిపోయింది.

అన్నం పెట్టనా అని పాపను అడిగాను. నా చేతులవైపే చూస్తూ తల ఊపింది. అవునో, కాదో తెలియలేదు. మళ్లీ అడగడానికి నాకు నోరు రాలేదు.