గోలు పోస్టు పక్కన చుక్క

ఆయన్ని ఊళ్ళో అందరూ ఐసాయన అనేవారు. అసలు పేరు ఆఫీసు కాయితాల్లో ఉంది గానీ, ఆ కాయితాలు చూసేవాళ్ళు కూడా ఆయన ఎదురుపడితే ఐసాయన అనే పిలిచేవారు. మంచు మీద ఆడే ఐసు హాకీకి కట్టిన పాత హాల్లో ముప్పై నాలుగేళ్ళుగా మంచు పరిచే పని ఆయనది. మంచు పరచడమంటే పక్క పరచడం కాదు. నేలకింద గొట్టాల్లో చలి పారుతుంటే పైన నీళ్ళు పల్చగా పోసి, అది గడ్డకట్టాక మళ్ళీ పోసి, బొటనవేలంత మందం వచ్చేదాకా పొర మీద పొర కట్టుకుంటూ పోవాలి. తొందరపడితే బుడగలు వస్తాయి, విసుక్కుంటే పగుళ్ళు వస్తాయి. "ఐసు దగ్గర ఓపిక, పెళ్ళాం దగ్గర వినయం" అని కొత్తగా పనిలో చేరినవాళ్ళకి చెప్పేవాడు. రెండోది ఆయన దగ్గర ఎంత ఉందో ఆయన భార్యనే అడగాలి.

ఆ హాలుకి ఆ శనివారమే ఆఖరి రోజు. సోమవారం మంచు కరిగించేస్తారు, ఆ తర్వాత గోడలు. ఊరి చివర కొత్త హాలు అప్పటికే తెరిచారు. అందులో కుర్చీలు మెత్తగా ఉంటాయి, తెర మీద ప్రతి గోలూ నాలుగుసార్లు చూపిస్తారు, జనం మాత్రం ఇంకా పాత హాలు గురించే మాట్లాడుకుంటారు. పాతదాంట్లో అంత గొప్పేముందని అడిగితే చెప్పలేరు, లోపాలన్నీ వరసగా ఏకరువు పెడతారు. చెక్క బెంచీలు లేచినప్పుడల్లా బట్టలు పట్టుకునేవి. అంకెల బోర్డులో నడిమి గీత వెలిగేది కాదు, అందుకని ఎనిమిది గోల్స్ కొట్టిన జట్టు కూడా బోర్డు మీద సున్నాతోనే ఇంటికి వెళ్ళేది. చలి సంగతి సరేసరి. అయినా తడి చేతితొడుగుల వాసన తగిలితే చాలు, పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా అక్కడే ఆగిపోయేవారు.

ఈ లోపాలన్నిటికీ పెద్దన్నయ్య చుక్క. తలుపు వైపు గోలు ఉంది చూశారూ, దాని ఎడమ పోస్టుకి జానెడు దూరంలో కప్పు నుంచి నీటి చుక్క పడేది. మరమ్మతువాళ్ళు రేకులు మార్చారు, తారు పూశారు, అయినా చుక్క ఆగలేదు. ఆగదని ఐసాయనకి ముందే తెలుసు. అది వాన నీరు కాదు, జనం ఊపిరి. వేల మంది అరిచిన అరుపుల ఆవిరి పైన చల్లటి ఇనుప దూలానికి తగిలి నీరై, సరిగ్గా ఒకే చోట కారేది. హాలు ఎంత నిండితే చుక్క అంత జోరుగా పడేది. పడిన చుక్క పడినట్టే గడ్డకట్టి, ఆట మూడు భాగాల్లో ఒకటి పూర్తయ్యేసరికి అక్కడ ఉసిరికాయంత బొడిపె లేచేది. విరామంలో బండితో మంచు గీకి, కొత్త నీటి పొర పరచడానికి ముందు ఐసాయన చేతి ఉలి తీసుకుని వెళ్ళి దాన్ని చెక్కేవాడు. ముందు చెక్కాలి, తర్వాతే నీళ్ళు. తలకిందులైతే నీరు బొడిపెని నున్నగా కప్పేస్తుంది, తడి మంచు మీద దీపాల మెరుపులో ఇక అది కంటికి ఆనదు. ఐసాయన ఉలి పట్టుకుని రాగానే జనం "చుక్కా! చుక్కా!" అని చప్పట్లు కొట్టేవారు. ఆటగాళ్ళకి కూడా అంత మర్యాద దక్కేది కాదు.

ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి తప్ప ఆయన ఆ పని మానలేదు. ఆ ఒక్కసారి సంగతి ఎవరికీ తెలియదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ ఒక్క మాటని ఇరవయ్యేడేళ్ళు తేలు కుట్టిన దొంగలా దాచాడు. ఇప్పుడు హాలు పోతోంది. చెప్పదలచుకుంటే, చుక్క ఇంకా పడుతుండగానే, ఆ చోట నిలబెట్టే చెప్పాలి. చెప్పాల్సింది మరెవరికో కాదు, సొంత బావమరిదికి.

బావమరిది ఒకప్పుడు ఆ ఊరి జట్టుకి గోలీ, అంటే గోలు కాసేవాడు. జనం అతన్ని "గోడ" అనేవారు. ఇరవయ్యేడేళ్ళ కిందట ఫైనల్లో, రెండు జట్లూ సమానంగా ఉండి ఇంకో నిమిషంలో ఆట అయిపోతుందనగా, అవతలివాడు మైదానం మధ్య నుంచి నల్ల రబ్బరు బిళ్ళని, అదే పక్‌ని ఊరికే అలా తోశాడు. అది నేలబారుగా, తాపీగా జారుకుంటూ వచ్చింది. గోడ కర్ర అడ్డం పెట్టాడు. పక్ కర్ర మీంచి లోపలికి దూకింది. మర్నాటికల్లా గోడ కాస్తా "జల్లెడ" అయిపోయాడు. ఆ తర్వాత అతను హాలు గడప తొక్కలేదు. తాళాలు బాగుచేసే దుకాణం పెట్టుకుంటే, "జల్లెడ దగ్గర తాళాలా? ఇక దొంగలకి పండగే!" అన్నారు. పెళ్ళి మాట ఎత్తితే "జల్లెడకి పిల్లనెవరిస్తారు?" అని తానే నవ్వేవాడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా ఐసాయన తల వంచుకుని కంచంలోకి చూసేవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం అక్కాబావల ఇంట్లోనే. ఐసాయనకి పిల్లలు లేరు, ఆ బావమరిదే అన్నీ. చెబితే ఆ ఆదివారాలు పోతాయేమోనన్నదే ఆయన భయం. చెప్పకపోతే తను తిన్న ప్రతి ఆదివారం భోజనమూ దొంగతిండే.

"చివరి రోజు, ఒక్కసారి వచ్చి చూసిపోరా" అని వారం నుంచి పోరితే, "కూలిపోయేదాన్ని చూడ్డానికి నాకేం భయం, వస్తాలే" అని బావమరిది ఒప్పుకున్నాడు. ఐసాయన భార్య మోకాళ్ళ నొప్పితో ఇంట్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి హాలు కిటకిటలాడింది. మేనేజరు మైకు పెట్టి, ఎవరి జ్ఞాపకం వాళ్ళు వచ్చి చెప్పమన్నాడు. ఒకావిడ తన ముందు పన్ను ఈ హాల్లోనే ఊడిందని, వెతికితే ఇప్పటికైనా దొరకొచ్చని చెప్పింది. ఒక ముసలాయన, తనకెప్పుడూ ఇనుప కంబం వెనక సీటే దొరికేదని, సగం ఆటే కనబడేదని, మిగతా సగం పక్కసీటు అమ్మాయి చెబుతుండేదని, చివరికి ఆమెనే పెళ్ళి చేసుకున్నానని చెప్పాడు. "ఇప్పటికీ ఏ సంగతైనా సగమే చెప్తుంది" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది.

ఆ నవ్వుల్లో ఐసాయన బావమరిదిని చెయ్యిపట్టుకుని మంచు మీదికి, తలుపు వైపు గోలు దగ్గరికి తీసుకెళ్ళాడు. జనం నిండుగా ఉన్నారు కదా, చుక్క టపటపా పడుతోంది. ఎడమ పోస్టు పక్కన అప్పటికే బొడిపె లేచింది.

"ఏంటి బావా, నన్ను చుక్క చూడ్డానికి తీసుకొచ్చావా?"

"ఆ రోజు గోలు నీ తప్పు కాదురా" అన్నాడు ఐసాయన. వారం రోజులు వల్లెవేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయి ఇదొక్కటే మిగిలింది. "నా తప్పు. దీన్ని చెక్కలేదు."

బావమరిది వంగి బొడిపె మీద బొటనవేలు ఆనించాడు. తాళం విప్పి ఒక్కో ముక్కా పక్కన పెట్టినట్టు ఒక్కొక్కటే అడిగాడు.

"మర్చిపోయావా?"

"లేదు. మొదటి విరామంలో చెక్కినట్టు ఉలి ఆడించి, కావాలనే వదిలేశా. రెండో భాగానికి వైపులు మారతారు కదా, వాళ్ళ గోలీ ఇటు వస్తాడు. వాడి ముందు పక్ ఎగురుతుందనుకున్నా."

"అంటే నన్ను గెలిపించడానికి."

"నిన్ను గెలిపించడానికే."

"వాడి ముందు ఎగరలేదు."

"ఎగరలేదు. ఇప్పుడు ఎగురుతుందా, ఇప్పుడు ఎగురుతుందా అని ఆఖరి క్షణందాకా చూస్తూ నిలబడిపోయా. రెండో విరామానికి గంట కొట్టేశారు, అప్పుడు పరిగెత్తి బండెక్కా. ఆ కంగారులో నీళ్ళు ముందు పోసేశా. తర్వాత ఉలి పట్టుకొచ్చి వెతికితే బొడిపె కనబడలేదు. బండి బ్లేడుకే తెగిపోయిందనుకున్నా. మూడో భాగానికి మళ్ళీ వైపులు మారి నువ్వొచ్చి నిలబడ్డావు."

"ఆట అయ్యాక?"

"అందరూ అటు వాళ్ళ సంబరం చూస్తుంటే వచ్చి కాలితో తడిమా. ఉంది. చెక్కేశా."

"ఎవరూ చూడకుండా."

"ఎవరూ చూడకుండా."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఇక్కడ మాత్రం బావ తీసిన గోతిలో బావమరిది పడ్డాడు.

బావమరిది లేచి నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండునని ఐసాయనకి అనిపించింది. "నేను కళ్ళు పక్కకి తిప్పాననుకున్నా బావా. ఆ ఒక్క క్షణం గడియారం వైపు చూశానేమో, జనం వైపు చూశానేమో అని ఇన్నేళ్ళూ గుర్తుచేసుకుంటూనే ఉన్నా. ఒక్కోసారి గడియారంలో ఎంతైందో కూడా గుర్తొచ్చేది" అన్నాడు.

అప్పుడే మేనేజరు వాళ్ళని చూశాడు. "ఎవరొచ్చారో చూడండి! మన గోడ... క్షమించాలి, మన జల్లెడ!" అన్నాడు మైకులో. హాలు నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, ఇంట్లోవాణ్ణి ఆటపట్టించే నవ్వే. కానీ అదే నవ్వు ఇరవయ్యేడేళ్ళు నవ్వితే ఎలా ఉంటుందో నవ్వేవాళ్ళకి తెలియదు. బావమరిది మైకు వైపు నడిచాడు. ఇక అయిపోయింది, వాడు చెప్పేస్తాడు, చెప్పే హక్కు వాడికే ఉంది అనుకున్నాడు ఐసాయన.

"ఆ గోలు వదిలింది నేనే" అన్నాడు బావమరిది. "కళ్ళు తిప్పాను, వదిలేశాను. ఇంత పెద్ద హాలే పోతోంది, ఇక మీరూ దాన్ని వదిలెయ్యండి."

చప్పట్లు మోగిపోయాయి. ఐసాయనకి ఆ చప్పట్లు చెంపదెబ్బల్లా తగిలాయి. వాడు నిజం చెప్పి ఉంటే తల దించుకుని ఊరుకునేవాడు. తన కోసం అబద్ధమాడాడు, అది మాత్రం భరించలేకపోయాడు. మంచు మీద పడుతూ లేస్తూ వెళ్ళి మైకు లాక్కున్నాడు. కావాలని చెక్కకపోవడం, నీళ్ళు ముందు పోయడం, తర్వాత దొంగతనంగా చెక్కెయ్యడం, ఏదీ దాచకుండా చెప్పాడు.

ఒకప్పుడు గేటు దగ్గర టికెట్లమ్మిన ఆవిడ ముందు వరసలో కళ్ళు తుడుచుకుంది. "బావమరిది కోసం ఎంత అబద్ధం ఆడుతున్నాడో చూడండి, పాపం! బావంటే అలా ఉండాలి" అంది. ఆ మాట వరస నుంచి వరసకి పాకింది. జనం లేచి నిలబడ్డారు.

"ఒట్టు! నిజమే చెప్తున్నా!" అని అరిచాడు ఐసాయన.

"చాల్లే ఐసాయనా!" అని పైవరస నుంచి ఎవరో కేకేశారు. "మేం చూడలేదా? నువ్వు చుక్క చెక్కకుండా ఒక్క రోజైనా వదిలావా?"

"జ్వరంతో కూడా వచ్చి చెక్కాడయ్యా!" అన్నారు ఇంకొకరు. ఇక "చుక్కా! చుక్కా!" అంటూ హాలు దద్దరిల్లింది. ముప్పై నాలుగేళ్ళు ఒళ్ళు వంచి సంపాదించుకున్న మంచిపేరు ఆయన నోరు నొక్కేసింది. ఎంత ఒట్టేస్తే అంత గట్టిగా చప్పట్లు కొట్టారు. మేనేజరు వచ్చి కౌగలించుకున్నాడు.

ఆయన బయటపడేసరికి బావమరిది వీధిలో గోడకి ఆనుకుని ఉన్నాడు. ఇద్దరూ బస్సు ఆగే చోటిదాకా నడిచారు.

"చెప్పాను, చూశావుగా" అన్నాడు ఐసాయన. "ఒక్కడూ నమ్మలేదు."

"వాళ్ళు నమ్మలేదు బావా. నేను నమ్మాను. అదే వచ్చిన చిక్కు."

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కాల్సిన బస్సే. బావమరిది మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. "నువ్వు తర్వాతి బస్సుకి రా. రేపు భోజనానికి రాను. ఆ పై ఆదివారం సంగతి ఇప్పుడు అడగొద్దు. అక్కకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం, నేను మాత్రం నీకోసం మళ్ళీ అబద్ధం ఆడను" అన్నాడు. బస్సు కదిలింది.

ఐసాయన ఇంటికి చేరేసరికి భార్య వంటింట్లో పీట మీద కూర్చుని కూరగాయలు ముందేసుకుని ఉంది. అప్పటికే ఎవరో ఫోన్లో అంతా చెప్పేశారు కాబోలు, మొహం వెలిగిపోతోంది.

"మా తమ్ముడి కోసం అందరి ముందూ అంత మాట మీ మీద వేసుకున్నారటగా! జనమంతా లేచి నిలబడ్డారట. వాడెంత సంతోషించి ఉంటాడో!" అంది. తర్వాత బుట్టలోంచి ఇంకో రెండు వంకాయలు తీస్తూ అడిగింది. "రేపు కాస్త ఎక్కువే చేస్తా. వాడు తొందరగా వస్తాడా, రోజూ వచ్చే వేళకేనా?"

ఐసాయన చెప్పులు విడిచి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆ రెండు వంకాయలూ ఆమె చేతిలోంచి తీసుకుని బుట్టలో వేశాడు.

"మనిద్దరికే వండు" అన్నాడు. "ఎందుకో చెప్తాను. నువ్వైనా నమ్ము."