కాలు కింద పెట్టనివ్వని పలక

నేను ఒక పలకను. అట్టపలకనో రేకుపలకనో అనుకునేరు, మార్కాపురం గనిలో పుట్టిన అసలు సిసలు రాతిపలకను. ఉలి పెట్టి నన్ను కొండలోంచి చీల్చినప్పుడు వచ్చిన చప్పుడుకి ఏడూళ్ల గేదెలు పలుపులు తెంచుకుని పరిగెత్తాయట. ఎవరన్నారని అడక్కండి. నేనే అన్నాను. కాదనడానికి ఆ గేదెల్లో ఒక్కటీ మిగల్లేదు.

చెక్క చట్రం బిగించాక నన్ను కొన్నది బాలస్వామి వాళ్ల నాన్న. బాలస్వామి నా మీద దిద్దిన అక్షరాల కన్నా నన్ను అడ్డం పెట్టుకుని తప్పించుకున్న బెత్తం దెబ్బలే ఎక్కువ. బెత్తాలు విరిగాయి గానీ నేను విరగలేదు. చదువు మా ఇద్దరికీ ఒకేసారి అయిపోయింది. ఆ తర్వాత చాలాకాలం వాళ్లింట్లో ఊరగాయ జాడీ మీద మూతగా కూర్చున్నాను. మనుషులంతే! చదువు చెప్పినదాన్ని తీసుకెళ్లి ఆవకాయకి కాపలా పెడతారు.

అక్కణ్ణించి నన్ను కిందికి దింపింది బాలస్వామి భార్య నాంచారమ్మకి పట్టుకున్న వణుకు.

చుట్టుపక్కల ఊళ్లలో పాలు పోగుచేసి తెచ్చే పని ఆవిడకిస్తామని పాల డెయిరీ వాళ్లన్నారు. క్యాన్లు తగిలించిన స్కూటరు కూడా వాళ్లే ఇస్తారు. లైసెన్సు మాత్రం ఉండాలి. ఇంట్లో ఉన్న పాత స్కూటరు మీద తిరిగి తిరిగి, బండి నడపడం నాంచారమ్మకి మంచినీళ్లు తాగినంత సుళువు. కానీ పరీక్ష పెట్టే మైదానంలో నేల మీద పేద్ద ఎనిమిది అంకె గీసుంటుంది. కాలు కింద పెట్టకుండా దానిమీద తిరిగి, పక్కదారిన బయటికి రావాలి. ఆఫీసరు ఈల వేయడం ఆలస్యం, ఆవిడకి చేతులు వణికేవి, బండి ఊగేది, కాలు నేలకి ఆనేది. రెండుసార్లు అలాగే ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "ఈసారీ కాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాం" అని డెయిరీ నుంచి కబురొచ్చింది.

ఇంకేముంది, ఊరంతా వైద్యులే. ఒకరు బండికి నిమ్మకాయలు కట్టమన్నారు. ఇంకొకరు దిష్టి తీయించమన్నారు. బాలస్వామైతే కళ్లంలో సున్నంతో ఎనిమిది గీసి, "ఎడం తిప్పు! కుడి తిప్పవే!" అంటూ బండి వెంట పరిగెత్తాడు. ఆ అరుపులకి ఆవిడ తిన్నగా గడ్డివాములోకి పోయింది.

"మొగుణ్ణి తప్పించుకోవడం పరీక్షలో లేదు కదయ్యా!" అంది, జుట్టులోంచి గడ్డి దులుపుకుంటూ.

అప్పుడు ఆవిడ అత్త గంగులమ్మ నన్ను జాడీ మీంచి తీసి, కొంగుతో తుడిచి, ఒక బలపం ముక్కతో సహా కోడలి ఒళ్లో పడేసింది.

"చుక్కలు పెట్టమ్మే."

"పొయ్యి మీద కూడు ఉడుకుతా ఉంటే ఇప్పుడు ముగ్గేంది అత్తా?"

"కూడు నేను దించుతాలే. మెలికల ముగ్గులో నీకు సాటెవరు? గీత చుక్కకి తగలకూడదు, చెయ్యి ఎత్తకూడదు. ముగ్గులో వణకని చెయ్యి బండి మీద ఎందుకు వణుకుద్దో నేనూ చూస్తా."

మొదటి గీత కల్లు దుకాణం నుంచి ఇంటికి పోయే దారిలా వచ్చింది. చుక్కకి తగిలింది. తుడిచేసింది. నాలో ఉన్న గొప్పగుణం అదే, తుడిచేసిన తప్పుని మళ్లీ ఎత్తిపొడవను. ఇంకోసారి మొదలుపెట్టింది. చుక్క చుట్టూ తిరిగేటప్పుడు మనసుకి పక్కకి పోయే తీరిక ఉండదు. ఆఫీసరు లేడు, ఈల లేదు, డెయిరీ లేదు. ఎదురుగా ఒక చుక్క, దాని పక్కన సందు, అంతే. ముగ్గు సగంలోకి వచ్చేసరికి ఆవిడ ఊపిరి గీతతో పాటు నిదానంగా నడవసాగింది. ఆ రోజు నుంచి గుండె దడదడలాడినప్పుడల్లా నన్ను ఒళ్లో పెట్టుకునేది.

పరీక్షరోజు మైదానం అంచున కూర్చుని చుక్కలు పెడుతుంటే వరసలో ఒకామె నవ్వింది. "ఏందక్కా, పరీక్షకొచ్చావా, బడికొచ్చావా?"

"ఏది ముందు పిలిస్తే దానికి" అంది నాంచారమ్మ.

పేరు పిలిచారు. నన్ను సీటు కింది డబ్బాలో పెట్టి బండెక్కింది. డబ్బాలో ఉండి నువ్వేం చూశావంటారా? చూడ్డమెందుకు, నా మీద తిరిగిన వంపులు నాకు తెలియవా!

ఈల మోగింది. బండి ఒక సున్న చుట్టి వచ్చింది. రెండో సున్న కూడా చుట్టింది. కాలు కదల్లేదు. "అయిపోయింది, బయటికి రా!" అన్నాడు ఆఫీసరు. బండి రాలేదు. అది మళ్లీ లోపలికే తిరిగింది.

"చాలమ్మా! ఆపు!"

"ముడి పడలేదు సార్, వచ్చేస్తున్నా!"

మెలికల ముగ్గులో గీత బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి, మధ్యలో వదిలేస్తే ఇంటికి మంచిది కాదని మావాళ్ల నమ్మకం. బయల్దేరిన చోటు అప్పటికే దాటిపోయింది, అందుకని నాంచారమ్మ ఎనిమిదంతా ఇంకోసారి చుట్టి, బయల్దేరిన చోటనే బండి ఆపి, అప్పుడు నింపాదిగా కాలు దించింది. దించాక గానీ తను చేసిన పని తెలిసిరాలేదు. బయట బాలస్వామి తల పట్టుకున్నాడు.

ఆఫీసరు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"కాలు కింద పెట్టి పరీక్ష తప్పినోళ్లని ఇన్నేళ్లుగా చూస్తున్నా. బయటికి రమ్మన్నా రానిదాన్ని ఇవాళే చూశా. ఎక్కువ తిరిగితే తప్పని రూల్లో ఎక్కడా లేదు. పాసయ్యావు, పో! ఇంకోసారి మాత్రం తిరగబాక!"

బాలస్వామి వేసిన కేకకి ఒంగోలులో బస్సులు ఆగిపోయాయి. ఇదీ నేనే అన్నాను. డెయిరీ బండి ఇంటికొచ్చిన రోజు గంగులమ్మ వెనక సీట్లో ఉత్సవ విగ్రహంలా కూర్చుని, క్యాన్ల మధ్య కాళ్లు ఇరికించుకుని, ఊరూరా దణ్ణాలు అందుకుంది.

నాంచారమ్మకి ఇప్పుడు నాతో పని లేదు. మైదానం పక్క టీకొట్టులో నన్ను తనే ఇచ్చిపోయింది. వణుకొచ్చిన వాళ్లు అడిగి తీసుకుంటారు. నా పుణ్యాన లైసెన్సు వచ్చినవాళ్లు లక్షమంది. పదిమందేనంటాడు టీకొట్టాయన, పాపం, లెక్కలు రావు. పొద్దుటినుంచి అరిచి అరిచి తల దిమ్మెక్కిన ఆఫీసరు కూడా మొన్న టీ తాగుతూ నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. గీత బాగానే వచ్చింది. చెప్పకూడదు గానీ, రెండు చుక్కలు తొక్కాడు.

ఇదుగో, ఎవరో నన్ను అందుకున్నారు. వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. కొత్తమ్మాయి కాబోలు. మొదటి చుక్క పడింది. ఇక నేను నోరు మూసుకోవాలి, గీత మొదలవుతోంది.