బోర్డు తీసేసిన పొద్దున

రాత్రంతా కురిసిన మంచు తెరిపిచ్చాక ప్రొఫెసర్ గ్రెచెన్ వాండర్‌లాన్ హార్లన్ వీధిలో ఒక పక్కగా కారు ఆపి, అందులోనే కూర్చుంది. ఎదురుగా జీబ్రా క్రాసింగ్. నెలరోజులుగా దాని పక్కన నిలబడిన పసుపు బోర్డు ఇప్పుడు ఆమె వెనక సీట్లో పడి ఉంది.

మనుషుల నడవడి ఎందువల్ల మారుతుందన్నదే ఆమె పరిశోధన. నడిచేవాళ్లకు దారి ఇచ్చి నిన్న ఎంతమంది డ్రైవర్లు ఆగారో ఆ బోర్డు మీద రోజూ రాసి పెట్టేవారు. నలుగురూ ఆగుతున్నారని తెలిశాక మిగతావాళ్లూ ఆగడం మొదలుపెట్టారు. నగర పాలకమండలికి అది చాల్లేదు. బోర్డు వల్లే ఆగారని రుజువేమిటన్నారు. అయితే దాన్ని తీసేసి, జనం పాత దారి పడతారేమో చూడాలి. ఈ పద్ధతిని ఆమె ఏళ్ల తరబడి తరగతిలో పాఠంగా చెప్పింది. అక్కడ ఎదురుగా రోడ్డేమీ ఉండేది కాదు.

బస్‌స్టాపులో నిలబడి లెక్క రాస్తున్న పరిశోధక విద్యార్థిని రెనాటా ఫోన్ చేసింది.

"మేడం, ఒక్కడూ ఆగట్లేదు. మీరన్నట్టే అయింది."

"నేనన్నట్టే," అంది గ్రెచెన్. గెలిచిన సంతోషమేమీ కలగలేదు.

అంతలో ఎదుటి ఇంట్లోంచి మిసెస్ హూక్‌స్ట్రా బయటికొచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఇదివరకు బేకరీకి కూతురి కారులో వెళ్లేది. బోర్డు వచ్చాక ధైర్యం తెచ్చుకుని నడిచే వెళ్తోంది. ఆ సంగతి గ్రెచెన్‌కు తెలుసు. తెలిసే తీసింది.

ముసలావిడ రోడ్డు అంచున నిలబడి చెయ్యి చాపింది. ఒక కారు దూసుకుపోయింది. వెనకే ఇంకొకటి. ఆవిడ అయోమయంగా అటూ ఇటూ చూసి, ఒక కాలు కిందికి దించింది. అదే సమయానికి పాల లారీ మలుపు తిరిగింది.

కారు తలుపు ఎప్పుడు తీసిందో గ్రెచెన్‌కే తెలియదు. రెండు చేతులూ పైకెత్తి రోడ్డు మధ్యకి ఉరికింది. లారీ మంచులో జారి, పక్కకి ఒరిగినట్టయి, ఆమెకి బారెడు దూరంలో ఆగింది.

"చావడానికి నా లారీయే దొరికిందా?" డ్రైవర్ గొంతు చించుకుని అరిచాడు.

"ఏంటమ్మాయ్ ఆ దూకుడు?" అంది మిసెస్ హూక్‌స్ట్రా. "నేను ఆగే ఉన్నాగా! నువ్వే పోయేదానివి."

బోర్డు ఎందుకు తీసిందో గ్రెచెన్ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అంటే, మేం ఉంటామో పోతామో చూద్దామని తీశావన్నమాట."

"కాదండీ! కార్లు ఆగుతాయో లేదో చూద్దామని."

"నా వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే కదుటే?"

ముసలావిడే గ్రెచెన్ మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

రెనాటా పరుగెత్తుకొచ్చింది. "ఈ పూట లెక్క పాడైపోయింది మేడం."

"పోనీ. బోర్డు తెచ్చి పాతెయ్."

"మరి రుజువు?"

"మిగతా వీధుల్లో ఒక్కోచోటే పెట్టుకుంటూ పోదాం. పెట్టినచోటే కార్లు ఆగి, పెట్టనిచోట ఆగకపోతే అదే రుజువు. ఆలస్యమవుతుంది, కానివ్వు. పెట్టిందాన్ని మాత్రం ఇక తియ్యను."

పాలకమండలి సణిగింది గానీ ఒప్పుకుంది. హార్లన్ వీధిలో కార్లు మళ్లీ ఆగసాగాయి. తర్వాతి వీధిలోనూ ఆగాయి. రెనాటా సంబరపడింది.

గ్రెచెన్‌కు మాత్రం కుదురు లేదు. వరసలో చిట్టచివరిది మిల్ వీధి. వసంతం వస్తేగాని అక్కడికి బోర్డు రాదు. ఆ వీధి చివర ఒక బడి ఉంది. పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్లాల్సిన మనిషి, చుట్టుదారైనా ఆ వీధిలోంచే వెళ్లేది. క్రాసింగ్ దగ్గర కారు ఆపి, వెనక హారన్లు మోగుతున్నా, పిల్లలందరూ దాటేదాకా కదిలేది కాదు.