కానుగలకు ఉద్వాసన

ఆడవాళ్లంతా నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో తోసుకుంటున్న వేళ చూసి మొదటి చెట్టును కొట్టేశారు. దొంగలెప్పుడూ అంతే, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే వస్తారు. అప్పుడు పేటలో ఉన్నది ఒక్క దీవెనమ్మ. మోకాళ్ల నొప్పులతో ట్యాంకరుకు పోలేక గుమ్మంలో కూర్చున్న ముసలిదాన్ని గొడ్డళ్లు పట్టుకొచ్చినవాళ్లు లెక్కచెయ్యలేదు. ఆమె లేచి వెళ్లేసరికి కానుగ చెట్టు అడ్డంగా పడి ఉంది.

"ఎవుర్నడిగి నరికీసినారు?"

"కంట్రాక్టరు శ్రీరామ్మూర్తిగారు వేలంలో పాడుకున్నారమ్మా. లారీలకు రోడ్డు కావాలంట. ఈ వరసంతా కొట్టేమన్నారు" అన్నాడొక కూలీ.

"సెట్లు ఏసింది మేము. మమ్మల్నడక్కుండా వేలమేటి?"

ఆడవాళ్లు బిందెలతో తిరిగొస్తుండడం చూసి, మిగతావి రేపని కూలీ గొడ్డలి భుజానేసుకున్నాడు. పొద్దున్నే లారీ ఎక్కించి తెచ్చిన మనిషి, వాడికి మాత్రం ఏం తెలుసు?

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజులవి. రేవుకు దగ్గర్లో, ఓడలకెక్కించే ఇనపరాయి గుట్టల పక్కన, గెడ్డపేట. గాలి ఇటు మళ్లిందంటే ఎర్రదుమ్ము అన్నం మీద, ఉయ్యాల్లో పసిబిడ్డ మొహం మీద వాలేది. దీవెనమ్మ మొగుడు యేసుదానం ఆ గుట్టల మీదే పార పట్టి, ఆ దుమ్మే మింగి, దగ్గి దగ్గి పోయాడు. పోయేముందు యూనియన్ వాళ్లను వెంటేసుకుని గుట్టలకూ ఇళ్లకూ మధ్య కానుగ మొక్కలు నాటించాడు.

నీటికి కటకటలాడే పేట. అందుకని ఇంటికొక చెట్టు అనుకున్నారు. ఆ ఇంటివాళ్లు ఒళ్లు కడుక్కున్న నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు ఆ చెట్టుకే పోయాలని కట్టుబాటు పెట్టుకున్నారు. మొగుడు పోయాక ఆ కట్టుబాటును కాపాడింది దీవెనమ్మ. ఎవరి చెట్టు మొదలు పొడిగా కనిపిస్తే వాళ్ల గుమ్మం ముందు నిలబడి చెడామడా తిట్టేది. పిల్లాజెల్లా లేని మనిషి, ఆ తిట్లే ఆమెకు చుట్టరికం. చెట్లు పెరిగాయి. ఆకులు ఎర్రబడ్డాయి, కంచంలో అన్నం తెల్లబడింది.

ఆ సాయంత్రమే యూనియన్ పాకలో మీటింగు పెట్టారు. కార్యదర్శి గవర్రాజు గుట్టల మీద లోడింగు చేసే మనిషి. లేచి సూటిగా చెప్పాడు.

"రేపట్నించి ఇంటికొకరు పని మానీసి సెట్లకాడ కూకోవాల. ఇంకో దారి నేదు."

"పని మానీస్తే పొయ్యిలో పిల్లి లెగుస్తాదేటి బావా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. అవునవునన్నారు పదిమంది.

అప్పుడు నూకాలు లేచింది. దీవెనమ్మ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఇరవయ్యేళ్లుగా ఈ పొయ్యిలో నిప్పు ఆ పొయ్యిలోకి పోతూ వచ్చింది.

"పని మాననక్కర్నేదు. సెట్టుసెట్టుకీ పసుపు రాసి బొట్టెట్టీసి ఎర్రగుడ్డ కట్టీదాం. అమ్మోరు ఎలిసిందని సెప్పీదాం. అమ్మోరి మీద గొడ్డలెత్తీవోడు ఎవుడో సూద్దాం."

పాక మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఖర్చు లేదు, జైలు లేదు, కూలీ పోదు. దీవెనమ్మ ఒక్కతే అడ్డం తిరిగింది.

"మనం తెచ్చిన అమ్మోర్ని ఆడు పంపించీలేడేటి నూకాలూ? పూజార్లు ఆడికీ దొరుకుతారు. సెట్టుకి మనుసులు కాపుండాల గానీ..."

"నీకు బొట్టు గిట్టదు గాబట్టి అలగంతన్నావు."

గవర్రాజు గోడ చూస్తూ నిలబడ్డాడు. పని మానక్కర్లేని పోరాటం దొరికితే నాయకుడికైనా అంతే, మాట పెగలదు. దీవెనమ్మ కొంగు సర్దుకుని, ఎవరైనా ఉండమంటారేమోనని గుమ్మం దగ్గర కాసేపు ఆగి, బయటికొచ్చేసింది.

తెల్లారేసరికి వరసంతా పచ్చగా పసుపు. ఆమె ఇంటి చెట్టు ఒక్కటే మామూలుగా ఉంది. దానికి ఎవరూ బొట్టు పెట్టలేదు.

కూలీలు మళ్లీ వచ్చారు. ఎర్రగుడ్డలు చూసి, గొడ్డళ్లు కింద పెట్టి, చెంపలు వేసుకుని వెళ్లిపోయారు. పేటంతా పండగే. దీవెనమ్మకూ సంతోషంగానే ఉంది. నేను ఓడిపోతేనేం, చెట్లు నిలబడనీ దేవా, అనుకుంది. కానీ ఆ మాట చెప్పుకోవడానికి పక్క గోడ అవతల మనిషి లేదు.

అసలు పొరపాటు ఆ తర్వాత మొదలైంది. అమ్మవారికి ఒళ్లు కడుక్కున్న నీళ్లు పోస్తామా? అంట్ల నీళ్లు పోస్తామా? మంచినీళ్లు పొయ్యాలంటే తాగడానికే లేవు. నడి వేసవిలో కట్టుబాటు దానంతటదే ఆగిపోయింది. చెంబుడు పసుపునీళ్లు చిలకరించి దండం పెట్టుకుని పోయేవాళ్లు. ఆకులు వడలడం చూసి, దీవెనమ్మ తన ఇంటి బకెట్టు పట్టుకుని నూకాలు చెట్టు దగ్గరికి వెళ్లింది.

"ఆ మైలనీళ్లు అమ్మోరికి పొయ్యకు" అంది నూకాలు, మొహం పక్కకు పెట్టుకుని.

దీవెనమ్మకు కోపం వచ్చింది. కోపాన్ని మించి దిగులు వచ్చింది. తిడదామన్నా నోరు రాలేదు. తిట్టాలన్నా అవతలివాళ్లు మనవాళ్లయి ఉండాలి కదా. ఆ నీళ్లు తన చెట్టుకే పోసుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది.

తర్వాతి వారం శ్రీరామ్మూర్తి కార్లో దిగాడు. వెనక డప్పులు, గుమ్మడికాయలు, పట్టుపంచెలో పూజారి దాలయ్య. ఆ వెనక ఒక పోలీసు జీపు.

"అమ్మవారంటే నాకూ భక్తేనమ్మా" అన్నాడు చేతులు జోడించి. "ఈ దుమ్ములో తల్లిని ఉంచడం మనకే పాపం. రోడ్డు చివర సిమెంటు గుడి కట్టిస్తాను."

దాలయ్య మంత్రం చదివాడు, కాయలు కొట్టాడు, తల్లీ కదలమని ఉద్వాసన చెప్పాడు. బొట్లు తుడిచి, ఎర్రగుడ్డలన్నీ విప్పి పళ్లెంలో పెట్టాడు. అడ్డం చెప్పడానికి నూకాలుకేం మిగిలింది? తను తెచ్చిన అమ్మవారే వెళ్లిపోయింది. అందరితోపాటు ఆమె చేతులూ దండానికి లేచాయి.

గొడ్డళ్లు పడ్డాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వడలిన చెట్లు ఇట్టే కూలాయి. ఐదోది నూకాలు చెట్టు.

తలుపు తీసుకుని దీవెనమ్మ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా, మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆ ఐదో చెట్టు మొదట్లో కూర్చుని వీపు ఆనించింది.

"లెగమ్మా, అమ్మవారు వెళ్లిపోయింది" అన్నాడు దాలయ్య.

"నాను అమ్మోర్ని కాదు బాబూ. మనిసిని. నీ మంత్రానికి నాను కదల్ను."

శ్రీరామ్మూర్తి ఎస్సై వైపు చూశాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెను రెక్కలు పట్టి ఈడ్చుకెళ్లారు. ఎవరూ కదల్లేదు. జీపు వెనక నుంచి ఆమె పేటను చూసింది, పేట ఆమెను చూసింది. జీపు మలుపు తిరిగింది.

లాకప్పులో ఒక్కతే. యేసుదానం పోయిన రోజున కూడా ఇంత ఒంటరి కాలేదు, ఆ రోజు పక్కన నూకాలు ఉంది. ఎన్ని చెట్లు పడ్డాయో తెలియదు. అన్నీ పడిపోయే ఉంటాయనుకుంది. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంది గానీ కూలిన చెట్లే కనిపించాయి. గోడకు తల ఆనించి చాలాసేపు ఏడ్చింది.

పొద్దు వాలుతుండగా బయట గోల. తలుపు తీశారు. జుట్టు రేగిపోయి, చిరిగిన జాకెట్టుతో నూకాలు లోపలికొచ్చి పడింది. ఆమె వెనక నాలుగిళ్ల అవతలి చిలకమ్మ, ఆ వెనక ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకునే ఆడవాళ్లంతా.

"సెట్లేవీ?" అంది దీవెనమ్మ.

"నాలుగే పడ్డాయి. ఐదోదానికాడ నాను కూకున్నాను. నన్ను లాగితే చిలకమ్మ కూకుంది. గవర్రాజు లోడింగు ఆపీసి అందర్నీ తెచ్చినాడు, ఇప్పుడు మగోళ్లు కూకున్నారు." నూకాలు ఆగి, కింద చూస్తూ అంది. "ఆ పొద్దు పాకలో నాను పాడుమాట అనీసినాను."

"అన్నావు" అంది దీవెనమ్మ. "రా, కూకో."

"ఇక చోటు లేదు, వెనక్కి పొండి" అని గుమ్మంలో కానిస్టేబులు కసురుతున్నాడు.

"సోటు నేకపోతే మీరే బైటికెల్లండి" అంది చిలకమ్మ.

దీవెనమ్మ గోడవైపు జరిగింది. ఇంకాస్త జరిగింది. తలుపు దగ్గర మనుషులు వస్తూనే ఉన్నారు.